పేర్లు లేని చీటీ

నా వ్యాన్‌లో స్టీరింగ్ పక్కన టేపుతో అతికించిన చీటీ ఒకటి ఉండేది. పిల్లల్లో ఎవరిని ఏ గేటు ముందు ఎక్కించుకోవాలో అందులో రాసుకున్నాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడి చేతిరాత అది. ఒత్తులున్న పేరు రాయాలంటే నాకంటే ముందు పెన్ను అలిసిపోయేది. అందుకని అమ్మానాన్నలు పెట్టిన పేర్లు వదిలేసి నేను పెట్టినవి రాసేవాణ్ణి. "ఐదు నిమిషాలు, నీలం గేటు" అంటే, ఎన్నిసార్లు హారన్ కొట్టినా లోపల్నుంచి వాళ్ళమ్మ ఐదు నిమిషాలండీ అని కేకేసే అమ్మాయి. "దువ్వెన, మేకల సందు" అంటే, చొక్కా జేబులో దువ్వెన లేకుండా రోడ్డు మీదికి రాని ఎనిమిదో తరగతి పిల్లవాడు. పిల్లలు ఎక్కగానే చీటీ చదివి నవ్వుకునేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు నాకేం పేరు పెడతావు కాకా అని రెండు రోజులు వెంటపడేవాళ్ళు.

తుర్కయాంజాల్ కాలనీల నుంచి ఇబ్రహీంపట్నంలో బడి దాకా సాగర్ రోడ్డు మీద నా పని. పొద్దున పిల్లల్ని దించాక మళ్ళీ బడి వదిలేదాకా చేసేదేమీ ఉండదు. ఊరి చివర ప్లాట్ల వెంచర్ ఒకటుంది. పెద్ద కమాను, తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు, రోడ్లకు పూల పేర్లు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఆ కమాను నీడలో వ్యాన్ పెట్టి టిఫిన్ డబ్బా తెరిచేవాణ్ణి. ఒక కుక్క వచ్చేది. దానికి కూడా జోకులు చెప్పేవాణ్ణి, చపాతి అయిపోయేదాకా వినేది. నాకు పెళ్ళి కాలేదు. అమ్మ పోయాక గదిలో నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే. రోజు మొత్తంలో నేను మనుషులతో మాట్లాడేది వ్యాన్‌లో ఆ రెండు గంటలే. అందుకే వాటిని ఒక్క నిమిషం కూడా వృథా పోనిచ్చేవాణ్ణి కాదు.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఉండేవాడు. రోడ్డు లోపలి ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. సాయంత్రం కాలనీల వాళ్ళందరినీ దించి నా గదికి తిరిగొచ్చే దారిలో వాడిదే చివరి స్టాప్. వాడికి నత్తి. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయి కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఒకరోజు వాడు నన్నేదో అడగబోయి ఆగిపోతే, "ఆగుండ్రి, సిగ్నల్ లేదు, బఫరింగ్ అయితుంది" అన్నాను. వ్యాన్ మొత్తం పడీపడీ నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ రాత్రి చీటీలో వాడి పాత పేరు కొట్టేసి "బఫరింగ్, చింత మలుపు" అని రాసుకున్నాను. అంత మంచి జోకు చాలా రోజులకు దొరికిందని సంతోషపడ్డాను.

ఆ తర్వాత వాడు మాట్లాడటం తగ్గించాడు. పెద్దవాడవుతున్నాడులే అనుకున్నాను.

వాడూ దువ్వెనా చిన్నప్పటి నుంచి ఒకే సీటు. దువ్వెన వాళ్ళు ముస్లింలు, వాళ్ళ నాన్నకు ఏసీలు బాగుచేసే పని. రంజాన్‌కు వాళ్ళింట్లో తిన్న సేమియా గురించి మావాడు వారం రోజులు చెప్పేవాడు. నత్తితో చెప్పేసరికి అది రెండు వారాలు పట్టేది. అలాంటివాడు ఒక సోమవారం పోయి వెనక సీటులో, మూల కూర్చున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు ఫోన్‌లో. దువ్వెన కాసేపు చూసి, బ్యాగు తీసి పక్కన ఖాళీలో పెట్టుకున్నాడు.

పది రోజులకు రెండో తరగతి పిల్లొకతి దువ్వెన పక్కన కూర్చోనని మొండికేసింది.

"ఎందుకే?" అన్నాను.

"వాళ్ళ పక్కన కూసోవద్దంట."

"ఎవలు చెప్పిండ్రు?"

వెనక్కి చూసింది. నేను అద్దంలో చూశాను. బఫరింగ్ తల ఎత్తలేదు. అప్పుడు బండి పక్కకు ఆపి, వెనక్కి పోయి, వాడి దగ్గర కూర్చోవాల్సింది. నేను చేసింది ఇది: "మహారాజుగారు మాకు సీట్లు పంచుతున్నరు, కప్పం కట్టుండ్రి" అన్నాను. అందరూ నవ్వారు. అద్దంలో వాడి చెవులు ఎర్రబడటం కనబడింది. వాడి ఊరికి తిరిగే దారి మొదట్లో బైకుల మీద కూర్చునే నలుగురు వాడికి చేతులు ఊపడం నేను అప్పటికే చూసి ఉన్నాను. ఇరవై, ఇరవై రెండేళ్ళ వాళ్ళు. వాడు వాళ్ళ దగ్గర దిగి నడుచుకుంటూ ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. ఒక స్టాప్ తగ్గింది, డీజిల్ మిగిలింది అనుకున్నాను.

ఆ నెలలోనే బడిలో మీటింగ్ పెట్టారు. ఫోన్లలో పక్కవాడి మీద ద్వేషం నూరిపోసే గుంపులు పిల్లల్ని లాక్కోకుండా ఎలా చూసుకోవాలో టీచర్లకూ తల్లిదండ్రులకూ చెప్పారు. డ్రైవర్లను పిలవలేదు. మేం గేటు బయట పల్లీలు తిన్నాం. అయిపోయాక తెలుగు టీచరమ్మ వచ్చి నాకొక కాగితం ఇచ్చింది. కూడబలుక్కుని చదివాను. పిల్లవాడు ఒంటరిగా ఉంటున్నాడా, పాత స్నేహితులను వదిలేశాడా, ఇదివరకు నవ్వినవాటికి నవ్వడం లేదా.

"గివన్నీ నాకే ఉన్నయి మేడం. నన్నేడ చేర్పిస్తరు?" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వి, "మీ వ్యాన్‌ల పిల్లలెట్లున్నరు?" అని అడిగింది.

"మస్తుగున్నరు" అన్నాను.

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. నిజం చెబితే మొదట్నుంచీ చెప్పాలి. మొదట్లో నా జోకు ఉంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున వాడు ఎక్కుతూ ఎక్కుతూ చీటీని ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. నా రాతలు నచ్చి ఇంట్లో చూపించుకోవడానికేమో అనుకుని లోపల్లోపల మురిసిపోయాను.

ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం కాలనీల వాళ్ళు దిగిపోయాక వాడు వెనక సీటు వదిలి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కాకా, చీ... చీటీల అసల్ పే... పేర్లు చెప్పవా. ఇం... ఇండ్లు కూడ."

"ఎందుకురా, పెండ్లి పత్రికలు పంచుతున్నవా?"

నవ్వలేదు. ఇయర్‌ఫోన్లు పీకి ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాడు. బండి పక్కకు తీసి ఆపాను.

"బై... బైకుల అన్నలు అడిగిండ్రు. మ... మనోళ్ళవి వద్దంట. వా... వాళ్ళయే."

"ఏం చేస్తరంట?"

వాడు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎప్పుడూ వాడి మాట సగంలో అందుకుని నేనే పూర్తి చేసేవాణ్ణి. ఆ రోజు ఆ మాట ఏమై ఉంటుందో ఊహించడానికి భయమేసి నోరు మూసుకున్నాను. ఆదివారం ఆ ఇళ్ళకు పోయి, పిల్లల్ని ఈ బడి మాన్పించమని బెదిరించి రావాలట. వీణ్ణి కూడా ముందు నిలబెడతారట.

"ఫో... ఫోటో పంపిన. చూసి, గిదేందిరా, జో... జోకుల పుస్తకమా అన్నరు. ఒక్కడు నా... నా లెక్క మాట్లాడి చూపిచ్చిండు. అం... అందరు నవ్విండ్రు."

"ముందుగాల నవ్వలేదా?"

"న... నవ్వలే. అందుకే పో... పోయిన. నా మాట అయ్యేదాక ఆ... ఆగుతుండె వాళ్ళు." కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. "నువ్... నువ్ ఆగవు."

సాగర్ రోడ్డు మీద లారీలు పోతుంటే వ్యాన్ ఊగుతోంది. అప్పుడొక సంగతి తట్టింది.

"దువ్వెనోళ్ళ ఇల్లు నీకు తెల్వదారా? ఆడ సేమియా తిన్నది నువ్వే గద."

తల దించుకున్నాడు. "తె... తెలుసు."

"మిగిలినోళ్ళవి?"

"తెలుసు."

రోజూ నా వ్యాన్‌లోనే తిరిగే వాడికి ఏ గేటు ఎవరిదో నాకంటే బాగా తెలుసు.

"అన్నీ తెల్సినంక నన్నెందుకు అడుగుతున్నవ్?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు.

"నువ్... నువ్ చె... చెప్పవని."

చీటీ పీకాను. టేపుతో పాటు డాష్‌బోర్డు రంగు కూడా ఊడి వచ్చింది. ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాను. తర్వాత నేనెందుకు బడి మానేశానో వాడికి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతిలో సారు నన్ను నిలబెట్టి పాఠం చదవమనేవాడు. నేను ఒక్కో అక్షరం పట్టుకుని పాకుతుంటే సారు నాలాగే చదివి చూపించేవాడు. క్లాసు నవ్వేది. వాళ్ళు నవ్వకముందే నేనే నవ్వించడం నేర్చుకున్నాను. ఒకరోజు అదీ చేతకాక, బ్యాగు బెంచీ కిందే వదిలేసి ఇంటికి పోయాను.

"నీకు నేనే ఆ సారునయిన" అన్నాను.

వాడు డాష్‌బోర్డు మీద రంగు ఊడిన చోట వేలితో రుద్దాడు. నేను తొందరపెట్టలేదు.

"మేడంకు నువ్ చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నే... నేనే. నువ్ ప... పక్కనుండు."

ఇంటికి తీసుకుపోకుండా అక్కడే బండి తిప్పాను. టీచరమ్మ ఇంకా బడిలోనే ఉంది, జవాబు పత్రాలు దిద్దుతోంది. ఆమె పెన్ను మూసి పక్కన పెట్టి, వాడు ఆగినప్పుడల్లా ఆగి, మొత్తం విన్నది. ఆ తర్వాత హెడ్మాస్టరు, వాడి నాన్న, స్టేషన్‌లో ఎస్సై, అంతా పెద్దవాళ్ళు చూసుకున్నారు. మేకల సందులో దువ్వెన వాళ్ళకూ మిగిలిన ఇళ్ళకూ టీచరమ్మే స్వయంగా పోయి చెప్పింది. ఆ ఆదివారం ఎవరూ ఎవరింటి మీదికీ పోలేదు. బైకుల వాళ్ళలో ఒకడు మాత్రం వెంచర్ దాకా వచ్చి, "బండి నడుపుడు నీ పని, గంతే చూస్కో" అన్నాడు. నాలుక మీద ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను. కుక్క కూడా ఆ రోజు దూరంగా నిలబడింది.

మళ్ళీ చీటీ రాయలేదు. పిల్లల అసలు పేర్లు ఒక్కొక్కటే నోటికి నేర్చుకున్నాను, ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడు గేటు ముందు ఆగి ఆ పేరుతోనే పిలుస్తాను. "ఏమైంది కాకా, జరం వచ్చిందా?" అని అడిగారు మొదట్లో. ఇప్పుడు అడగరు. ఫోన్ల గురించి మాట్లాడుకుంటారు, పరీక్షల గురించి మాట్లాడుకుంటారు, నేను రోడ్డు చూస్తాను. వ్యాన్‌లో నా రెండు గంటలు కూడా వెంచర్ లాగే అయ్యాయి.

పదో తరగతి మొత్తం వాడు నా పక్కన ముందు సీటులోనే కూర్చున్నాడు. వాడు పోయి సారీ చెప్పాడని, దువ్వెన తల ఊపాడని టీచరమ్మ చెప్పింది. ఒకరోజు అద్దంలో చూస్తే దువ్వెన పక్క సీటు మీది బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మావాడు కూడా అద్దంలోనే అది చూశాడు. లేవలేదు. రెండు స్టాపుల తర్వాత బ్యాగు మళ్ళీ సీటు మీదికి వచ్చింది. మునుపటి నేనైతే ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఇప్పుడు వాడు కాలేజీ. బస్సులో పోతాడు. మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు ఖాళీ వ్యాన్‌తో మెల్లగా పోతుంటే ఎవరో పక్క అద్దం మీద కొట్టారు. వాడే. మీసాలు వచ్చాయి. ఏదో చెప్పబోయి మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాడు. నా వెనక డిపోలోంచి వచ్చిన బస్సు హారన్ కొట్టింది. దాని వెనక షేర్ ఆటో, దాని వెనక ఇంకోటి. ఎవరో తిట్టారు కూడా. నేను బ్రేకు మీద కాలు తీయలేదు.

"ఎ... ఎనక లై... లైటు పగిలింది కాకా."

"చూస్త" అన్నాను.

తల ఊపి బస్సెక్కాడు. వెంచర్ కమాను కింద వ్యాన్ ఆపి, దిగి, వెనక్కి పోయి చూశాను. ఎడమవైపుది పగిలింది. ఎప్పుడు పగిలిందో, ఎన్నాళ్ళ నుంచి అలాగే తిరుగుతున్నానో తెలియదు. వాడు చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.