పక్కింటి అక్క నీళ్ల సంచి

నా చిన్నప్పుడు నేను పగబట్టిన మనిషి ఒక్కతే, మా పక్కింటి అక్క. నాకిప్పుడు డెబ్భై దాటినాయి, ఆమె పోయి కూడా శానా ఏండ్లయింది. అయినా ఎవరన్నా ఆమె మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతాది. చెయ్యి మంచిది, మనసు మంచిది అని ఊర్లో అనేవాళ్లు అననీ. నన్ను బోరింగు కాడ నలుగురిలో నిలబెట్టి కొట్టిన మనిషి ఆమె. నేను ఆమెకు చేసింది వింటే మీరు తిట్టేది నన్నే, అది కూడా నాకు తెలుసు. తిట్టండి.

మాది ఉరవకొండకు అవతల ఒక చిన్న పల్లె. మా అమ్మ నాకు ఐదేండ్లప్పుడే పోయింది, ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే. పక్కింటి అక్క మొగుడు లారీ డ్రైవరు. బళ్లారి దాటి పోయినాడంటే పది దినాలకు గానీ ఇల్లు చూసేవాడు కాదు. చేను పనంతా ఆమే చూసుకునేది. కూలోళ్లను పిలిచేదీ ఆమే, ఎవరితోనన్నా జగడం పడాలంటే పడేదీ ఆమే.

ఆమె దగ్గర ఒక నీళ్ల సంచి ఉండేది. లారీల ముందర వేలాడగట్టేవాళ్లే, ముతక గుడ్డతో కుట్టి, మూతికి కొయ్య బిరడా పెట్టింది, అట్లాంటిది. ఖాళీగా ఉంటే మడిచి చంకలో పెట్టుకోవచ్చు. నింపి గాలికి తగిలిస్తే గుడ్డ బయటంతా చెమ్మగిల్లి లోపలి నీళ్లు చల్లబడతాయి. చెట్టు నీడ లేని శెనక్కాయ చేన్లో మిట్టమధ్యాహ్నం ఆ నీళ్లు నాలుగు గుక్కలు దిగితే ప్రాణం లేచొచ్చేది. మాకు అది లేదు. మట్టికుండ మోసుకుపోతే దారిలోనే సగం తొణికిపోయేది.

ఆ ఏడు కాయ పెరికే దినాల్లో నాయన ఆమెను అడిగి రెండు దినాలకు ఆ సంచి తెచ్చినాడు. ఇచ్చేటప్పుడు ఆమె, నాయన వెంట పోయిన నన్ను నిలబెట్టి ఒక పాఠం చెప్పింది. ఇందులో నీళ్లు తప్ప ఇంకోటి పోయగూడదంట. పాలో మజ్జిగో పోస్తే కుట్లలోకి ఇంకి పులిసిపోయి, ఎంత కడిగినా కంపు వదలదంట. నూనె తగిలితే గుడ్డకు చెమ్మ రాదంట, చెమ్మ రాకుంటే నీళ్లు చల్లబడవంట. కిరసనాయిలు గానీ, చేనికి కొట్టే పురుగుల మందు గానీ ఒక్కసారి పడితే ఇంక ఆ సంచి మనిషి నోటికి పనికిరాదంట. సంచి ఇస్తే ఇచ్చింది, ఇంత నీలుగుడు ఎందుకని నేను సగం విని సగం వినక నిలబడినా.

రెండో దినం నాయన నన్ను మధ్యాహ్నానికి నీళ్లు తెమ్మని చెప్పి చేనికి పోయినాడు. పొద్దున వట్టి సంగటి తిని పోయిన మనిషి కదా, చల్లని మజ్జిగ తీసుకుపోతే సంతోషపడతాడని, ఉప్పేసిన మజ్జిగ సంచి నిండా పోసుకుని పోయినా. నాయన తాగి నా తల నిమిరినాడు. అట్లా నిమరడం ఆయనకు అలవాటు లేదు, ఆ పూటంతా నేను నేల మీద నడవలేదనుకోండి. సాయంత్రం రెండు చెంబుల నీళ్లతో కడిగి సంచి ఇచ్చేసినా. మా ఇంట్లో రెండు చెంబుల నీళ్లంటే తక్కువేం కాదు.

రెండు దినాలు పోయినాక ఆమె బిరడా తీసింది. కంపు కొట్టింది. నన్ను రెక్క పట్టుకుని బోరింగు కాడికి ఈడ్చుకుపోయి, బిందెలు పెట్టుకుని వరసలో నిలబడిన ఆడోళ్లందరి ముందరా రెండు చెంపలూ వాయించింది. కొట్టింది సరే, తప్పు చేసినా, పడతాను. కానీ తల్లి లేని పెంపకం ఇట్లే ఉంటాది అనింది చూడండి, అది నేను పడలేకపోయినా. సాయంత్రం ఆ మాట నాయన చెవిన పడింది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడే గానీ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. నాకు ఇంకా మండింది.

ఆమె ఆ సంచిని ఉడుకునీళ్లలో నానబెట్టి, ఎండేసి, మళ్లా దారికి తెచ్చుకుని గోడ మేకుకు తగిలించింది. అది మా వాకిట్లోకి కనపడతా ఉండేది. మా అటక మీద పురుగుల మందు సీసా ఒకటుండేది, అడుగున కొంచెం మిగిలి. ఒక సాయంత్రం ఆమె అంగడికి పోయిన సందు చూసి, గోడెక్కి, ఆ మిగిలిందంతా సంచిలో పోసి, బాగా కదిలించి, మట్టిలోకి వంపేసి, బిరడా పెట్టి మళ్లా మేకుకు తగిలించినా. అది విషమని నాకు తెలియదని చెప్పను. ఆ సీసా ముట్టుకుంటే చెయ్యి విరుస్తానని నాయన ఎప్పుడో చెప్పినాడు. నాకు కావలసింది ఆ సంచి పాడు కావడం. ఏం పోస్తే పాడైతాదో ఆమే నేర్పింది కదా. రేపు అందులో నీళ్లు పట్టి ఎవరు తాగుతారనేది ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే, ఆలోచించదలచుకోలేదు.

మరుసటి దినం పొద్దున ఆమె సంచి భుజానేసుకుని ముగ్గురు కూలోళ్లతో బోరింగు దిక్కు పోతాంటే మా గడపలో కూర్చుని చూసినా. ఆ ముగ్గురిలో ఒకామె కడుపుతో ఉండె. నన్ను చూసి నవ్వి, సంగటి తింటివా పాపా అని అడిగింది. తింటి అని చెప్పినా. ఆ ఒక్క మాటకు తెరిచిన నోరు ఇంకో మాటకు రాలేదు. పొద్దు గూకే వేళకు నలుగురూ మాట్లాడుకుంటా తిరిగొచ్చినారు. ఎవరికీ ఏమీ కాలేదు, బాగా కడుక్కుని ఉంటుందిలే అనుకున్నా. ఆ రాత్రి నిద్ర కూడా పోయినా.

తెల్లారి నాయన చేనికి బయలుదేరతాంటే ఆమె మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో సంచి, నిండుగా, బయటంతా చెమ్మ. ఎండ మండిపోతాంది, ఈ దినం నువ్వు తీసుకుపో, అన్నా, అనింది. నాయనకు ఆశ్చర్యమేసింది. నన్ను కొట్టినందుకు మనసు కరిగి తెచ్చిందనుకున్నాడేమో, మారుమాట లేకుండా తీసుకున్నాడు. ఆమె నాయన దిక్కు చూడలేదు, నా దిక్కే చూస్తాంది. అంతలో నాయన, ఒక గుక్క తాగి పోదామనుకున్నాడో ఏమో, బిరడా లాగి సంచి పైకెత్తినాడు. మా వైపు నీళ్లు ఎత్తి పోసుకుంటారు. వాసన ముక్కుకు తగిలేలోపల నాలుగు గుటకలు దిగిపోతాయి.

"నాయనా, తాగద్దు. నేను దాంట్లో మందు పోసినా."

నాయన చేతిలో సంచి అట్లే నిలబడిపోయింది. ఆమె వచ్చి దాన్ని తీసుకుని, తల వెనక్కి వంచి, తనే గటగటా తాగింది. మూతి తుడుచుకుని, ఇది మా ఆయన లారీకి కట్టిన సంచి, రాత్రి వచ్చినాడు అనింది. పాతది నిన్న బోరింగు కాడ నీళ్లు పట్టంగానే పాల మాదిరి తెల్లగా తిరిగిందంట. ఊరవతల గుంత తవ్వి పూడ్చేసిందంట. ఏం పోస్తే సంచి పాడైతాదో ఆమె నేర్పింది నాకే, కొట్టిందీ నన్నే, ఎవరి పనో ఆమెకు ఒకరు చెప్పాలా? తర్వాత నా ముందరికి వచ్చి నిలబడింది. కొడతాదనుకున్నా. కొట్టలేదు.

"నిన్న మేం నలుగురం పోతాంటే నీకు నోరు రాలేదు. ఈ దినం మీ నాయన అనేసరికి వచ్చిందే" అనింది.

సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయింది. నాయన ఆ దినం చేనికి పోలేదు. గడప మీద కూర్చుని, నిన్న ఆయమ్మతో ఎవరెవరు పోయినారు అని అడిగినాడు. ఒక్కొక్కరినీ చెప్పినా. కడుపుతో ఉన్నామె దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఇంక చాలన్నాడు. పక్కింటి అక్క ఈ సంగతి ఊర్లో ఎవరికీ చెప్పలేదు. నాతో మాత్రం చచ్చేదాకా మాట్లాడలేదు, నేనూ పోయి బతిమాలలేదు.

ఇప్పుడు మా కొడుకు చేనికని ప్లాస్టిక్ మడత సంచులు తెచ్చినాడు. నీళ్లకు పెట్టిన సంచిలో ఇంకేదన్నా పోస్తే ఎవరినైనా ఊరుకోను, మా కోడలికి తెలుసు నా నోరు. ఆ పాఠం సులువే, తొమ్మిదేండ్లకే వచ్చేసింది. రెండోది ఇంకా రాలేదు. మొన్న రాప్తాడు కాడ ఎవరి బిడ్డో రోడ్డు మీదికి ఉరకతాంటే అరిచినా, ఆ తల్లి వచ్చి ఎత్తుకుని నాకు దండం పెట్టింది. అదే మా మనవడైతే ఇంకొంచెం ముందే అరిచుందును. అది ఆ బిడ్డ తల్లికి తెలీదు, నాకు తెలుసు.