డంగల్ దొర మూడు ప్రమాణాలు

డంగల్ దొర మా అమ్మ పాలు తాగి పెరిగాడు. నాకంటే నెల చిన్న. నిత్ నది ఎగువన రాతి కోట, నలభై గుడిసెలు, వాటి చుట్టూ వోట్లనే ధాన్యం చేలు వాళ్ళవి. నలుగురిలో నేనూ ‘దొరా’ అనేదాన్ని. వంటింట్లోకొస్తే మాత్రం ఒరేయ్ అనే పిలుపు.

ఇంగ్లీషు రాజు దండు బెరిక్ పట్టణాన్ని కొల్లగొట్టిన ఏడు, డంగల్ వెళ్ళి ఆ రాజుకి మోకరిల్లి ప్రమాణం చేశాడు. మరుసటేడు మన దొరలు తిరగబడితే వాళ్ళలో కలిశాడు. ఏడేళ్ళు అడవులు పట్టి తిరిగి, అలిసిపోయి, మళ్ళీ వెళ్ళి మోకరిల్లాడు. ఈసారి వాళ్ళు ఒట్టి మాట నమ్మలేదు. తల్లి లేని పిల్ల ఎఫ్రికాని, తొమ్మిదేళ్ళదాన్ని, పూచీగా అడిగారు. సరిహద్దు అవతల ఒక సన్యాసినుల మఠంలో ఉంచుతామన్నారు. జడ వేసింది నేనే. గుర్రమెక్కించింది తండ్రి.

“నాన్నా, ఎన్నాళ్ళు?”

“బుద్ధిగా ఉండు,” అన్నాడు.

నాలుగేళ్ళకి, ఇంగ్లీషువాళ్ళ మీద కత్తి దూసిన మన కొత్త రాజు మనుషులొచ్చారు. వాళ్ళ నాయకుడు బురద కాళ్ళతోనే లోపలికొచ్చి, “దొరా, మీరెటు?” అన్నాడు.

“నా కూతురు వాళ్ళ దగ్గరుంది.”

“నా తమ్ముడూ ఉన్నాడు. మధ్యాహ్నంలోగా తేల్చండి. కాదంటే ఈ గుడిసెలు ఉండవు.”

బయట గుడిసెలవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డారు. డంగల్ వాళ్ళని చూశాడు. మధ్యాహ్నం దాకా ఆగలేదు. మూడోసారి ప్రమాణం చేశాడు.

“పిల్ల సంగతేంట్రా?” అన్నాను వంటింట్లో.

“రొట్టె ఉందా, బెథోక్?”

గరిటె తిరగేసి కొడదామనుకున్నాను. రొట్టె పెట్టాను. తిన్నాడు.

శత్రువుకి దక్కకుండా కోట పడగొట్టమని రాజాజ్ఞ వచ్చింది. తొమ్మిది రోజులు తనూ గునపం పట్టాడు. “మీ తాత కట్టింది కదరా,” అంటే, “ఊఁ,” అన్నాడు. ఆ తర్వాత మట్టి ఇంట్లో కాపురం. ఒక కొసన మేం, ఒక కొసన ఆవులు.

స్టిర్లింగ్ దగ్గర పెద్ద యుద్ధం మనవాళ్ళు గెలిచాక బందీల్ని మార్చుకున్నారు. ఎఫ్రికా తిరిగొచ్చింది. పంతొమ్మిదేళ్ళు. మన మాట సగం మర్చిపోయింది.

“అత్తా, ఇప్పుడు మనం ఎవరి మనుషులం?” అని అడిగింది నన్ను.

“మన రాజు మనుషులం,” అన్నాడు డంగల్.

“ఎప్పట్నుంచి?”

“ఆరేళ్ళయింది.”

“ఓహో. వాళ్ళు నన్ను మఠంలోంచి తీసి వాళ్ళ కోట చీకటికొట్లో పడేసింది అప్పుడేనన్నమాట.”

“చలిగా ఉండేదా?”

“మొదట్లో.”

ఇద్దరూ ఏడవలేదు. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. పొయ్యి మీద గంజి పొంగితే లేచి దించాను.

ఆమె ఇక్కడే ఉండిపోయింది. రోజూ ఒకే బల్ల దగ్గర తినేవారు. ఉప్పు అడిగితే అందించుకునేవారు. అలా తొమ్మిదేళ్ళు. మొన్న మార్చి వానల్లో జ్వరమొచ్చి డంగల్ పోయాడు. చేను ఎఫ్రికా చూసుకుంటోంది. ఈ ఏడు వోట్ల పంట ఫరవాలేదు.