అన్న ఎదుట అడిగిన మాట

గౌట్‌ను పోల్చుకోవడం చాలా తేలికని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. డెబ్బయ్యో దశకం చివర్లో, విశాఖ పాతబస్తీలో కొత్తగా క్లినిక్ పెట్టిన రోజులవి. గోదావరి జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. చదువు తాజాగా ఉంది, పొగరు అంతకంటే తాజాగా ఉంది. కుంటుతూ వచ్చే మనిషిని చూసి, కుర్చీలోంచి లేవకుండానే జబ్బు పేరు చెప్పేసేవాణ్ణి. బొటనవేలు ఉన్నట్టుండి వాచిందంటే గౌట్, గౌటంటే తాగుడు. నా లెక్క అంతే.

మా వీధి చివర ఒక దర్జీ ఉండేవాడు. పోర్టు కార్మికులకు ఖాకీ బట్టలు కుట్టేవాడు. రక్తపోటుకి నా దగ్గరే మందు వాడుతున్నాడు. ఒంట్లో నీరు తీసే చిన్న బిళ్ళ, రోజూ పొద్దున్నే ఒకటి. "ఎట్టి పరిస్థితిలోనూ మానకు" అని నేనే గట్టిగా చెప్పాను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, అయినా నువ్వు అనే అనేవాణ్ణి.

ఒక ఉదయం వాళ్ళ అన్న భుజం పట్టుకుని వచ్చాడు. కుడికాలి బొటనవేలు మొదట్లో వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది.

"రాత్రికి రాత్రే పొంగిపోయింది బాబూ. దుప్పటి తగిల్తే పేనం పోతంది. నమాజులో కూసోలేకపోతన్నాను," అన్నాడు.

నమాజులో కూర్చునేటప్పుడు ఆ వేలినే మడిచి నేలకు ఆనించాలట. మిషను తొక్కలేకపోతున్నందుకంటే దానికే ఎక్కువ బాధపడుతున్నాడు.

నేను నవ్వుతూ, "బాగా మందు కొడతావా ఏంటి?" అని అడిగాను.

అన్న ముఖం వైపు నేను చూడనైనా లేదు. దర్జీ ముఖం మాత్రం పాలిపోయింది. "తౌబా తౌబా! నాను ఎప్పుడూ ముట్టలేదు బాబూ," అన్నాడు.

"అందరూ అలాగే అంటారు. మళ్ళీ తాగితే మళ్ళీ వస్తుంది, చూసుకో," అన్నాను. వాపుకి మందు రాసి పంపించాను. వారంలో తగ్గింది. మూడు నెలలకి మళ్ళీ వచ్చింది.

రెండోసారి ఒక్కడే వచ్చాడు. అన్న ఏడని అడిగితే తల దించుకున్నాడు. పని నేర్పింది ఆ అన్నే. ఇద్దరిదీ ఒకే కొట్టు, రంజాన్‌లో ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. వేలు మళ్ళీ వాచేసరికి తమ్ముడు తాగుతున్నాడని అన్నకి రూఢి అయిపోయిందనీ, కత్తెర, టేపు పట్టుకుని వేరే వెళ్ళిపోయాడనీ మా కాంపౌండర్ చెప్పాడు. తాగుబోతుల సంసారాలు ఇంతే అనుకుని నా పని చూసుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఏడాది తర్వాత, మడి కట్టుకునే ఒక ముసలావిడ వచ్చింది. బయట మంచినీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి. అదే వేలు, అదే వాపు. తాగుడు మాట నా నోట రాలేదు. ఎలా వస్తుంది? "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగాను. కొంగుముడి విప్పి చూపించింది. దర్జీకి నేను రాసిన నీటి బిళ్ళే, ఇంకో డాక్టరు ఇచ్చాడట. ఇంటికెళ్ళి పుస్తకం తిరగేస్తే రెండు లైన్లలో ఉంది. ఆ బిళ్ళ నీటిని పోనిస్తుంది గాని యూరిక్ యాసిడ్‌ను ఒంట్లోనే ఉంచేస్తుంది. అది కీళ్ళలో చేరి మంట పెడుతుంది. పరీక్షకి నేను చదివిందే. ఆవిణ్ణి అడిగిన మాటే దర్జీనీ అడిగి ఉంటే, నేనిచ్చిన బిళ్ళ అప్పుడే గుర్తొచ్చేది.

ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్ళాను. "తప్పు మీది కాదు, నేనిచ్చిన బిళ్ళది. పదండి, మీ అన్నగారికి నేనే చెబుతాను," అన్నాను. ఆయన మిషను ఆపి చివరిదాకా విన్నాడు.

"భాయ్ పోయి నలబై రోజులైంది బాబూ," అన్నాడు. "ఆకర్న నోట్లో నీళ్ళు పోద్దామని ఎల్తే, నా సేతి నీళ్ళు వద్దని మొకం తిప్పేసుకున్నాడు."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన మిషను సొరుగు లాగి, దారపు కండెల మధ్య నుంచి బిళ్ళల పొట్లం తీశాడు.

"మీరు మానొద్దన్నారని ఇయ్యాల పొద్దున్న కూడా ఏసుకున్నాను. మానెయ్యమంటారేటి?"