బల్ల మీద ఉంచిన మాట

మా అమ్మాయికి డిగ్రీ మొదటి ఏడాదిలో చదువు చెప్పిన మేడం పోయిన వారం కోరుట్లలో, పుట్టింట్లో కన్నుమూశారు. కబురు విని దేవుని ముందు కూర్చున్నాను. ఏమని మొక్కాలో తోచలేదు.

సిరిసిల్ల కాలేజీలో కొత్తగా చేరినవాళ్లలో కొద్దిమందిని ఏరి, వారానికోసారి ఆమె చిన్న తరగతి నడిపేవారు. ఆనర్స్ సెమినార్ అంటారట. పాఠం ఉండదు. బల్ల చుట్టూ కూర్చొని ఒకే ప్రశ్న మీద మాట్లాడుకోవాలి. పదో తరగతితో ఆగిన నాకు, పాఠం లేని తరగతి ఏమిటో అంతుపట్టేది కాదు. నియమం మాత్రం ఒకటుంది: ముందు మాట్లాడినవాళ్లు ఏమన్నారో వాళ్లు ఒప్పుకొనేలా చెప్పి, తర్వాతే తన మాట చెప్పాలి.

మొదటి ప్రశ్న, సిరిసిల్ల ఎక్కడ అయిపోతుందని. ఒకబ్బాయి ఊరి బోర్డు దగ్గర అన్నాడట. సాంచెల చప్పుడు వినబడని చోట అంది మా అమ్మాయి. మా గోడకు ఆనుకొనే మరమగ్గాల షెడ్డు. పుట్టినప్పటి నుంచి ఆ సాంచెల హోరులో గొంతు పెంచి మాట్లాడడమే దానికి అలవాటు. ఆ చిన్న గదిలో అందరూ నవ్వారు. మైకు మింగినావా అన్నారు. ఇంటికొచ్చి, కాలేజీ మానేస్తానంది. ఎంత బతిమాలినా వినలేదు.

తర్వాత వారం మేడమే మా ఇంటికి వచ్చారు. టీ ఇచ్చి మెల్లగా ఏదో అన్నాను. ఆమెకు వినబడలేదు.

"అక్కా, గీ సప్పుడుల గింత మెల్లగ మాట్లాడితే ఇంట్లోళ్లకు ఎట్ల ఇనపడ్తది?"

"బిడ్డ నా మొఖం చూసి అర్థం చేసుకుంటది, మేడం."

"మరి దేవునికి?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. జవాబు కోసం టీ ముట్టకుండా కూర్చున్నారు. టీ చల్లారింది. అలాగే తాగి, మా అమ్మాయిని పిలిచారు.

"నీ మాట ఇంకా బల్ల మీదనే ఉన్నది బిడ్డా. వాళ్లు నవ్విండ్రు గని తిరిగి చెప్పలే. నువ్వు క్లాసుకు అచ్చి ఔనన్నదాక మేం ముందుకు పోము."

మా అమ్మాయి వెళ్లింది. నవ్వినవాళ్లతోనే, తను ఔననేదాకా తన మాటను తిరిగి చెప్పించారట.

కోరుట్లలో మేడంను చివరిసారి చూసి, నేనూ మా అమ్మాయీ ఆ తరగతి పిల్లలతో కలిసి సిరిసిల్ల బస్సెక్కాం. దారిలో ఒక పిల్ల, మేడం జవాబులు తెలిసే అడిగేవారా, తెలియకనా అంది. అంతే, వాదన మొదలైంది. నేనూ ఆలోచనలో పడ్డాను. మా అమ్మాయి గొంతు ఇంజన్ చప్పుడును దాటి వెళ్తోంది. బస్సులో వాళ్లంతా మావైపు తిరిగారు.

ఓ ఊరి దగ్గర బస్సు ఆగింది. పసుపు మూట చంకన పెట్టుకున్న ముసలామె దిగబోయి, మా అమ్మాయి మాటలు వింటూ మెట్టు మీదే నిలబడిపోయింది. కండక్టర్ తొందరపెట్టాడు.

"ఆగు కొడుకా," అంది ఆమె. "గా పిల్లను చెప్పనీ."