ఫోన్లో మన మాట వద్దు

ప్రతి ఉదయం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కారమడై రంగమ్మత్త గొంతు వినబడేది. కాఫీ తాగారా, అక్కడ వాన పడిందా అంటూ వాయిస్ పెట్టేది. తరాలుగా తమిళనాట ఉంటున్న మా వాళ్లలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు అరుదు, మాట్లాడి పంపడమే అలవాటు. కొన్నాళ్లుగా ఆ గొంతు లేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మనసు ఊరుకోక మదురై నుంచి బయలుదేరాను.

ఆరపాళయం బస్టాండులో ఉదయం ఆరున్నరకు కోయంబత్తూరు బస్సు ఎక్కాను. కిటికీ సీటు కావాలనుకునేవాళ్లు ఇంకాస్త ముందే రావాలి. ఒట్టన్‌చత్రంలో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని, ఫోన్లో కూతురికి బ్యాంకు కార్డు రహస్య నంబరు తెలుగులో గట్టిగా చెప్పసాగింది. చుట్టూ అందరూ తమిళులే కదా అన్న ధీమా.

"అమ్మా, నాకి తెలుగు వస్తాది" అన్నాను.

ఉలిక్కిపడుతుందనుకున్నాను. ముఖం వికసించింది! "అయ్యో, మనోళ్ల బిడ్డవా నువ్వు? ఏ ఊరు మా? ఇంటిపేరు ఏమి?" అంటూ ఇడ్లీ పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది. ఆ అమాయకత్వానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ధారాపురంలో టీకి ఆపారు. మధ్యాహ్నానికి కోయంబత్తూరులో సింగానల్లూరు బస్టాండు. అక్కడినుంచి టౌన్ బస్సులో గాంధీపురం, ఆడవాళ్లకు టికెట్టు లేదు. భోంచేసి, మేట్టుపాళయం బస్సు పట్టుకుని కారమడైలో దిగేసరికి రెండు దాటింది.

"వస్తివా" అంది అత్త, అంతే. ఫోన్ అప్పటికే బీరువాలో పెట్టి తాళం వేసుకుని ఉంది. కాఫీ కలిపి ఇస్తూ తనే చెప్పింది.

"వరదుడు ఫోన్ చేసె మా. వాడి గొంతే. 'అత్తా, ఆక్సిడెంట్ ఆయె, ఆస్పత్రిలో ఉండాను, నీ ఫోన్‌కి నంబర్ వస్తాది చెప్పు' అనె. మన మాటే, మన ఇంటి యాసే. చెప్తి."

వరదుడు మా అన్న. ఆ వేళ తిరుప్పూరులో నిక్షేపంగా పనిలో ఉన్నాడు. అత్త మోకాలి ఆపరేషనుకు దాచుకున్నదంతా ఖాతాలోంచి పోయింది.

మాసి తేరుకు, అంటే మాసి నెలలో జరిగే గుడి రథోత్సవానికి, మన ఇంటిపేరు వాళ్లంతా కలవాలని, మావాళ్లు గ్రూపు లింకును గుడి వీధిలో ఫ్లెక్సీ మీద వేయించారు. ఎవరైనా చేరవచ్చు. పేరు లేని నంబరు ఒకటి అప్పటినుంచీ అందులో ఉంది, ఏనాడూ నోరు విప్పలేదు. మా గొంతులన్నీ వింటూ కూర్చుంది. వరదుడి వాయిస్‌ల నుంచే యంత్రం చేత ఆ గొంతు తయారు చేయించి ఉంటారని పోలీసులు అన్నారట. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అంటే చెప్పలేను.

మర్నాడు బయలుదేరుతుంటే అత్త బీరువాలోంచి ఫోన్ తీసుకుని, గుమ్మంలో నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక ఫోన్లో మన మాట వద్దు మా. అరవంలో అడిగితే వీడెవడని అనుమానం వస్తాది. మన మాట వింటే మనసు కరిగిపోతాది. దాన్నే వాడు పట్టె."

తిరుగు బస్సులో వెనక సీట్లో ఎవరో తెలుగులో ఇంటి సంగతులు మాట్లాడుకుంటున్నారు. నేను తెలుగు రానిదానిలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఇన్ని తరాలు ఇంట్లో కాపాడుకున్న మాటే మాకు భయమైంది.

ఆరపాళయంలో దిగి ఫోన్ చేశాను.

"యారు?" అంది అత్త, ఎవరని, తమిళంలో.

"నాన్‌దాన్ అత్తై, వందుట్టేన్" అన్నాను. నేనే, చేరానని. ఊహ తెలిశాక ఆమెతో తమిళం మాట్లాడటం అదే మొదలు.

"సరి" అని పెట్టేసింది. తిన్నావా అని అడగలేదు.