ముట్టుకోని ముక్కలు

పేక ముక్క కనిపిస్తే నాకు ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. నేను పేకాట ఆడేవాణ్ణి కాదు. ఆడింది మా నాయన. తొంభైలలో పుంగనూరులో మా వీధిలో ఎవరినైనా ఆయన ఎక్కడని అడిగితే, నోరు తెరవకుండా మామిడితోపు వైపు చెయ్యి చూపించేవాళ్ళు. ఆ తోపులో దుప్పటి పరిచి రమ్మీ ఆడేవాళ్ళకు ఆయన పెద్ద తలకాయ. ఒకసారి పోలీసులు వాళ్ళను పట్టుకుని, పరుచుకున్న దుప్పటి నాలుగు కొసలూ వాళ్ళ చేతనే పట్టించి బజారు మీదుగా నడిపించారు. సరిగ్గా బడి వదిలిన వేళ. నా తోటి పిల్లలు "రేయ్, మీ నాయన" అని నాకే చూపించారు, నాకేదో కళ్ళు లేనట్టు.

ఇంట్లో ముందు ఆవు పోయింది, తర్వాత అమ్మ చెవుల కమ్మలు పోయాయి. అమ్మ ఏడవలేదు, అరవలేదు. ఒక రోజు తెల్లవారకముందే ఆయన్ను లేపి కాణిపాకం తీసుకుపోయింది. మా జిల్లాలో కోర్టులో అబద్ధం చెప్పేవాళ్ళు ఉంటారు గాని, కాణిపాకం వినాయకుడి ఎదుట తడిబట్టలతో నిలబడి అబద్ధం ఆడే ధైర్యం ఎవరికీ లేదు. పేక ముక్కను చేత్తో ముట్టనని ఆయన అక్కడ ప్రమాణం చేశాడు. ఆ తర్వాత పాల కేంద్రంలో క్యాన్లు ఎత్తే పనికి కుదిరాడు. ప్రమాణాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఎవరైనా పెళ్ళి కార్డు ఇవ్వబోయినా చేతులు వెనక్కి పెట్టుకుని "ఆ అరుగు మీద పెట్టు అప్పా" అనేవాడు. వీధిలో అందరికీ అదొక నవ్వులాట. ఆయన ఆడినప్పుడు నాకు ఎంత సిగ్గో, మానుకున్న తర్వాతా అంతే సిగ్గు.

మదనపల్లెలో ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు నాకు కలిగిన సంతోషమంతా అక్కడ మా నాయన ఎవరికీ తెలియకపోవడమే. అడిగినవాళ్ళకు పాల పని అని చెప్పి ఊరుకునేవాణ్ణి. సరిగ్గా అక్కడే ఇంకో ముక్కల ఆట తగులుకుంది. నా క్లాస్‌మేట్ ఒకడికి బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న ఉండేవాడు. ఆయన ఎక్కడో ఫుట్‌పాత్ మీద కొన్న పెట్టె ఒకటి తమ్ముడికి తెచ్చి ఇచ్చాడు. తెరిస్తే అన్నీ రక్తపిశాచాల బొమ్మల కార్డులు. నా స్నేహితుడి అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. రోజూ సాయంత్రం ప్రార్థన జరిగే ఇంట్లో రక్తం తాగే బొమ్మలు పెట్టుకుంటే ఆమె ఊరుకోదని, ఆ పెట్టెను తెచ్చి నా గదిలో పెట్టాడు. ముక్కలు ఉండకూడని ఇల్లు మాది కూడానని నేను చెప్పలేదు.

ఆట సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఒక్కొక్క ఆటగాడు చీకట్లో దాక్కున్న ముసలి పిశాచం. చేతిలో కొంత రక్తం నిల్వ ఉంటుంది. ఆ రక్తం ఖర్చుపెట్టి చిన్న పిశాచాలను లేపి పక్కవాడి మీదికి తోలాలి. ఇంకో పక్కన కూర్చున్నవాడు మన మీదికి తోలేవాటిని కాచుకోవాలి. రక్తం అయిపోయినవాడు లేచిపోవాలి. అసలు తమాషా ఆటకు ముందే ఉంటుంది. వందల కార్డుల్లోంచి ఎవరి కట్ట వాళ్ళు కట్టుకోవాలి. మాకు కార్డులు చాలక, ఉన్నవాటిని జిరాక్స్ తీసి పాత పెళ్ళి కార్డుల మీద అంటించి కత్తిరించేవాళ్ళం. ముందు పిశాచం, వెనక వినాయకుడు.

కుప్పంలో డిగ్రీకి ఇద్దరం ఒకే హాస్టల్‌లో చేరాం, పెట్టె కూడా వచ్చింది. అక్కడ ఇంకొకడు కలిశాడు, కుప్పం వాడే, సగం తమిళం కలిపి మాట్లాడేవాడు. ఇక ముగ్గురికీ తెల్లారితే అదే గొడవ. ఒక పెద్ద పిశాచాన్ని లేపడమా, అదే రక్తంతో నాలుగు చిన్నవాటిని లేపడమా? నర్సుగారి అబ్బాయి కట్టనిండా దాడి ముక్కలే పెట్టేవాడు. కుప్పం వాడు బేరాల మనిషి, పక్కవాడితో రాజీ చేసుకునే ముక్కలంటే వాడికి ప్రాణం. నేను పిరికివాణ్ణి, అడ్డుకునే ముక్కలు దండిగా కుక్కేవాణ్ణి. మెస్‌లో సాంబారు చల్లారిపోతున్నా మా వాదన చల్లారేది కాదు. పరీక్షలకు అంత బుర్ర పెట్టి ఉంటే ముగ్గురం ఎక్కడో ఉండేవాళ్ళం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మంచాల మీదా నేల మీదా ముక్కలు పరిచి కట్టలు కడుతున్నాం. తలుపు దగ్గర అలికిడైంది. తల ఎత్తితే మా నాయన. అమ్మ పంపిన రాగిపిండి, చెనక్కాయల పొడి సంచిలో పెట్టుకుని, చెప్పకుండా పలమనేరు మీదుగా బస్సులో వచ్చాడు. గడప అవతలే నిలబడిపోయాడు. ఆయన కళ్ళు నేల మీది ముక్కల మీద ఉన్నాయి.

"ఏమప్పా ఇది?" అన్నాడు.

నేను గబగబా ఏరడం మొదలుపెట్టాను. నర్సుగారి అబ్బాయికి ఆ ఆట గురించి ఎవరడిగినా పండగే. ఆయన్ను లోపలికి లాగి, కిటికీ పక్క మంచం మీద కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నాయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అలా ఎందుకు కూర్చున్నాడో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

కాసేపు విన్నాడు. తర్వాత గడ్డంతో నా కట్ట వైపు చూపించాడు. "ఆ అడ్డుకునేవి యాల అన్ని పెట్టుకోనుండావు?"

"ఎవరన్నా మీదికొస్తే కావాల కదా."

"రాకపోతే?"

"చేతిలోనే ఉంటాయి."

"సేతిలో ఇరుక్కున్న ముక్క సచ్చిన ముక్కే కదప్పా. అది కూసున్న సోటికి ఇంకోటి రాదు. సగం తీసెయ్."

స్నేహితులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేము నెలల తరబడి కొట్టుకుంటున్న విషయం అదే. ఇక నన్ను పక్కకు తోసి వాళ్ళిద్దరూ ఆయన ముందు కూర్చున్నారు. ఆయన గడ్డంతో చూపించడం, వాళ్ళు తీయడం. "అది కాదు, దాని పక్కది. ఆ, అది. ఆ ఎర్ర బొమ్మది ఉండనీ." "అంకుల్ సూపర్" అన్నాడు కుప్పం వాడు. "యాడ నేర్సుకున్నారు అంకుల్ ఇదంతా?" నాయన నవ్వాడు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నేను ఇంతింత కుంచించుకుపోయాను. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది. ఆ వెలుగు నాకు తెలుసు. మధ్యాహ్నం అన్నం తిని, చొక్కా మార్చుకుని, తోపు వైపు బయలుదేరేటప్పుడు ఉండే వెలుగు అది. ఆయన మోకాళ్ళు ఆగకుండా ఊగుతున్నాయి.

కట్ట తయారైంది. నర్సుగారి అబ్బాయి దాన్ని సర్ది ఆయన ముందు పెట్టాడు. "మీ కట్ట మీరే కలపండి అంకుల్. ఒక చెయ్యి ఆడేసి పోదురు."

"నేను ముట్టకూడదప్పా."

"ఇది పేక కాదంకుల్" అన్నాడు కుప్పం వాడు. "ఇస్పేటు లేదు, ఆటీన్ లేదు, జోకర్ లేదు. డబ్బు మాటే లేదు. పెళ్ళి కార్డులు ఇవి. తిప్పి సూడండి, వెనక దేవుడే ఉండాడు."

నాయన ఆ కట్టను చూస్తూ ఉండిపోయాడు. కుడి చెయ్యి తొడ కింది నుంచి బయటికి వచ్చింది. అమ్మ ఎన్నేళ్ళుగానో కంటినిండా నిద్రపోతోంది ఆ చెయ్యి మీది నమ్మకంతోనే. "వద్దు నాయనా" అని నేను ఒక్క మాట అనాలి. అంటే ఎందుకు వద్దని వాళ్ళు అడుగుతారు. నేను తల వంచి నేల మీది ముక్కలు ఏరుకుంటూ ఉండిపోయాను.

"నేను పేకాటోణ్ణప్పా" అన్నాడు నాయన.

ఆయన నా వైపు చూడలేదు. కట్టనే చూస్తూ చెప్పాడు. "ఆవును పోగొట్టినా. వీళ్ళమ్మ కమ్మలు పోగొట్టినా. పోలీసులు బజార్లో నడిపించినారు. కాణిపాకంలో ప్రమాణం చేసుండా. ఇవి పేక ముక్కలు కావని మీరు చెప్పేది నిజమే కావచ్చు. నా సేతికి మాత్రం తేడా తెలీడం లేదు."

నర్సుగారి అబ్బాయి మెల్లగా కట్టను తన వైపు లాక్కున్నాడు. కుప్పం వాడు మంచినీళ్ళు తెస్తానని లేచాడు. నేను గోడకు ఆనుకుని, ఆ గోడలోకే పోగలిగితే బాగుండుననుకున్నాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అని ఉంటే కాస్త తేలికగా ఉండేది.

బస్టాండు దాకా ఆయనకు నాలుగడుగులు ముందు నడిచాను. బస్సు ఎక్కే ముందు ఆయనే అన్నాడు. "నీకు తలవంపులు సేసినా. నోరు తెరవకపోతే సెయ్యి ముక్కల మీదికి పోయేదప్పా." నేను బస్సు బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను.

నేను భయపడినంత ఏమీ జరగలేదు. స్నేహితులు ఆ విషయం ఎత్తలేదు. నా కట్టలో ముక్కలు మాత్రం ఆయన చెప్పినట్టే ఉండిపోయాయి, గెలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నాయన మళ్ళీ వచ్చినా పైకి రాలేదు. హాస్టల్ గేటు పక్క టీ బంకు దగ్గర నిలబడి ఎవరితోనో కబురు పంపేవాడు. నేను దిగి సంచి తీసుకునేవాణ్ణి. నా పరువు కోసమే ఆయన పైకి రావడం లేదనుకున్నాను. నాకు హాయిగానే ఉండేది. చివరి సంవత్సరం దాకా అలాగే నడిచింది.

ఒకసారి బాగా వాన. కబురు వస్తే దిగాను. ఆయన తలమీద తువ్వాలు కప్పుకుని, తడిసి ముద్దై, వణుకుతూ ఉన్నాడు. ఒళ్ళు కాలుతోంది. టీ బంకు దగ్గర మా హాస్టల్ వాళ్ళే పదిమంది దాకా ఉన్నారు.

"పైకి రా నాయనా, బట్టలు మార్చుకుందువు" అన్నాను.

"ముక్కలు రూంలో ఉండాయా?" అన్నాడు, అందరికీ వినపడేటట్టే.

"ఉండాయి."

"అయితే వాటిని ఇంకో సోట పెట్టేసి రా అప్పా. నేను ఈడే నిలబడుకోనుంటా. ఇన్ని దినాలూ నిన్ను అడగాలని ఉండె, నువ్వు బాధపడతావని అడగలా."

ఆయన దూరంగా నిలబడింది నా పరువు కోసం కాదు. కొడుకు గదిలోకి రావడానికి ఆయనకు కావలసింది నేను ఒక పెట్టెను పక్కకు జరపడం. ఇన్ని రోజులూ ఆ పని నాకు తట్టలేదు. నేను హాయిగా ఉన్నాను. ఆయన పేకాట చూసి గాని, ఆయన ప్రమాణం చూసి గాని నాకు ఎప్పుడూ కలగనంత సిగ్గు ఆ వానలో కలిగింది. అది మొదటిసారిగా నన్ను చూసి నాకు కలిగిన సిగ్గు.

మెట్లు ఎక్కి పెట్టె తీసుకుని పక్కగది తలుపు కొట్టాను. అందులో ఉన్నది నాకు పెద్దగా పరిచయం లేని జూనియర్. "అన్నా, ఇది నా దగ్గర ఎందుకు?" అన్నాడు. ముఖం మండిపోతోంది. చెప్పాను.

"మా నాయన పేకాట మానుకున్నోడప్పా. కింద ఉండాడు. ఆయన తిరిగి పోయే దాకా ఇది నీ దగ్గర పెట్టుకో, ఎవరడిగినా ఈ పక్కకు తేవద్దు."

వాడు సరేనని తీసుకున్నాడు. నేను కిందికి పోయి ఆయన చేతిలోని సంచి అందుకుని, ఇప్పుడు రా నాయనా అన్నాను.