మామా నేనూ ఒక్కరమేనన్నారు

డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఆ ధీమాలో పావు వంతు ఉన్నా చాలనిపిస్తుంది. మాది వెలిగండ్ల పక్కన చిన్న పల్లె. బ్యాంకు పరీక్షలకు చదువుతానని చెప్పి మార్కాపురంలో మేనమామ ఇంట్లో మకాం పెట్టాను. సాయంత్రం కాగానే బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో దూరి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తెలుగు వ్యాసాలు రాసేవాణ్ణి. జీతం లేదు, పేరూ రాదు. (పేరు ఉంది, ‘సత్యాన్వేషి’ అని నాకు నేనే పెట్టుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) ఎవరైనా రాయొచ్చు, ఎవరి రాతనైనా ఎవరైనా దిద్దొచ్చు, కాకపోతే ఆధారం చూపాలి, ఇదీ అక్కడి పద్ధతి. నేను ఎంచుకున్న సబ్జెక్టు ఇంటర్నెట్ చట్టం. దాని గురించి తెలుగులో రాసినవాళ్లు పెద్దగా లేరు కాబట్టి తప్పుపట్టేవాళ్లూ ఉండరని నా లెక్క.

ఉన్నాడు ఒకడు. వాడి పేరు ‘పలకాబలపం’. నెట్‌లో ఎదుటివాడికి చిరాకు కలిగేలా ఏదైనా రాస్తే జైల్లో పెట్టే సెక్షన్ ఒకటి ఉండేది, దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. నేను పేపరు వార్తను ఆధారంగా చూపి ‘ఈ సెక్షన్ ఇప్పుడు చెల్లదు’ అని రాశాను. మర్నాడు చూస్తే ‘ఈ సెక్షన్ అమలులో ఉంది’ అని మారిపోయింది, కింద ఒక చట్టం పుస్తకం పేరు. నేను చెరిపాను, వాడు మళ్లీ రాశాడు. పేపర్లు చూసి చట్టం రాయకండి, పుస్తకం తెరవండి అని చర్చా పేజీలో నాకు బుద్ధి చెప్పాడు. మీ పుస్తకానికి చెదలు పట్టినట్టున్నాయి, ఒకసారి దులపండి అన్నాను నేను. అంత పెద్ద వ్యాసాన్నీ గాలికొదిలేసి ఆ ఒక్క వాక్యం మీదే రోజూ కొట్టుకునేవాళ్లం. నాకు అన్నం సహించేది కాదు. నా రాతను నలుగురూ చదివే చోటు నాకు అదొక్కటే, అందులో అబద్ధం నిలబడిపోతుందేమోనని బెంగ.

ఇంట్లో మామ కూడా ఆ మధ్య పరధ్యానంగానే ఉండేవాడు. ఆయన ఒక వకీలు దగ్గర గుమాస్తా, సాయంత్రాలు గుడికని బయల్దేరేవాడు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి, "ఈ కాలం పిల్లకాయలకు పుస్తకమంటే లెక్క లేకుండా పోయిందిరా" అనేవాడు. "కొంతమంది పెద్దోళ్లకు ఎంత చెప్పినా తలకెక్కదు మామా" అని నేననేవాణ్ణి. ఒకరి బాధ ఒకరికి అర్థమైనట్టు తలలూపుకునేవాళ్లం. "గుడికి పోయినాయన ఏనాడన్నా ఇంత ప్రసాదం తెచ్చినాడా" అని అత్త మజ్జిగ పోస్తూ గొణిగేది.

ఒక సాయంత్రం నా ఖాతా తెరిస్తే ఆ సైటు నిర్వాహకుడి నోటీసు కనిపించింది. ‘సత్యాన్వేషి, పలకాబలపం రెండూ ఒకే వ్యక్తి ఖాతాలు. ఒకే కనెక్షన్ నుంచి వస్తున్నాయి, ఒకేసారి ఆగిపోయి మళ్లీ ఒకేసారి మొదలవుతున్నాయి. తనతో తానే పోట్లాడుతూ అందరి సమయం వృథా చేస్తున్నందున రెంటినీ నిషేధించాం.’ ఆ మూర్ఖుడూ నేనూ ఒక్కరమా? నెట్ సెంటరు ఓనరుతో తేల్చుకుందామని లేచి నా క్యాబిన్ బయటికి వచ్చాను. అదే సమయానికి పక్క క్యాబిన్ తలుపు తెరుచుకుంది.

"భాయ్, ఏంది నీ నెట్టు? నన్ను దొంగోడంటా ఉండారు" అంటూ బయటికొచ్చాడు మా మామ.

"గుడికి పోలేదా మామా?"

"నువ్వు బ్యాంకు పరీక్షకు చదవలేదా?" అని, ఆయన నా వెనక వెలుగుతున్న స్క్రీను వైపు చూశాడు. "నా పుస్తకానికి చెదలు పట్టినాయన్నది నువ్వేనా రా?"

ఓనరు భాయ్‌కి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. "అన్ని సిస్టములకూ లైను ఒకటే కదన్నా. కరెంటు పోతే అందరూ ఒకేసారి పోతారు, వస్తే ఒకేసారి వస్తారు. దానికి నేనేం చేసేది?" అన్నాడు.

దొంగ అనిపించుకోవడం మామ వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. ఇద్దరం ఒకే కుర్చీలో చెరి సగం కూర్చుని, మేము వేర్వేరు మనుషులమని వినయంగా విన్నపం రాసుకున్నాం. ఇద్దరి తరఫునా ఒక్కరే రాసినట్టుంది అని జవాబొచ్చింది. (నిజమే, టైపు చేసింది నేనే.) చివరికి ఆ నిర్వాహకుడే దయతలచి, ఒక్క సాయంత్రం నిషేధం ఎత్తేస్తాం, ఇద్దరూ ఒకే సమయంలో వేర్వేరు ఊళ్ల నుంచి రండి అన్నాడు. వకీలు పని మీద మామ గిద్దలూరు పోవాల్సి ఉంది, అక్కడి నుంచి ఆయన, మార్కాపురం నుంచి నేను. చర్చా పేజీలో చెరొక నమస్కారం పెట్టి బయటికి రావాలని ఒప్పందం.

నేను నమస్కారం పెట్టాను. మామ నుంచి నమస్కారం రాలేదు. అనుమానం వచ్చి వ్యాసం తెరిస్తే, ‘ఈ సెక్షన్ అమలులో ఉంది’ అని తాజాగా కూర్చుంది. ఇక నాకు నిషేధం గుర్తు లేదు, మామ అన్న మర్యాదా గుర్తు లేదు. చెరిపాను. గిద్దలూరు మళ్లీ రాసింది, మార్కాపురం మళ్లీ చెరిపింది. ఆ పోరు ఎంతసేపు సాగేదో గానీ మధ్యలో తీర్పు వచ్చి పడింది. ‘మీరు ఇద్దరు వేర్వేరు వ్యక్తులని నిస్సందేహంగా రుజువైంది. కొట్లాడుతున్నందుకు ఇద్దరికీ విడివిడిగా నెల రోజుల నిషేధం.’

బస్సు దిగి వచ్చిన మామ మొహం వెలిగిపోతోంది. "ఇద్దరమని ఒప్పుకున్నారు గదరా, అది చాలు" అన్నాడు. "నమస్కారం పెడతానంటివే మామా" అంటే, "తాళం తీసినాక చెయ్యి ఆగలేదురా" అన్నాడు. వెనక నుంచి అత్త, "గిద్దలూరులో కూడా గుడేనా?" అని అడిగింది. మామ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఆ నెలంతా సాయంత్రాలు ఏం చేయాలో తోచక అరుగు మీద కూర్చునేవాళ్లం. ఒకరోజు మామే గొంతు తగ్గించి, "వకీలు గారిని అడిగినాలే. కొట్టేసినారంట. మా పుస్తకం పాతది" అన్నాడు. గెలిచినందుకు ఎగిరి గంతేయాల్సింది, ఎందుకో వేయబుద్ధి కాలేదు. నిషేధం తీరాక ‘ఈ సెక్షన్ పాత పుస్తకాల్లో కనిపించినా ఇప్పుడు చెల్లదు’ అని ఇద్దరం కలిసి రాశాం. ఆ తర్వాత దాన్ని ఎవరూ కదిలించలేదు.

ఇప్పుడు కనిగిరిలో ఉద్యోగం. వ్యాసాలు ఫోన్లోనే దిద్దుతుంటాను. రాత్రి రాసింది పొద్దునకు రాసినట్టే ఉంటుంది, చెరిపేవాడు లేడు, ఒక్కోసారి అదే దిగులనిపిస్తుంది. మొన్న మార్కాపురం పోతే, చూపు మందగించిన మామ ఆ వ్యాసం చదివి వినిపించమన్నాడు. చదివాను. ఆ వాక్యం దగ్గర ఆపి, పక్కనున్న అత్తతో, "చెల్లదని మొదట చెప్పింది నేనేనే. వీడే వినకుండా పుస్తకం పుస్తకం అని నా ప్రాణం తీసినాడు" అన్నాడు.

ఏ రోజు ఎవరు ఏం రాశారో, ఎవరు ఏం చెరిపారో అంతా ఆ పేజీ చరిత్రలో భద్రంగా ఉంది. ఒక్కసారి వేలితో తాకితే చాలు, తెరుచుకుంటుంది. సత్యాన్వేషి అయితే ఆ క్షణమే తెరిచి చూపించేవాడు. నేను ఫోను జేబులో పెట్టుకుని, "అవును మామా, నాకే తలకెక్కలేదు" అన్నాను.